మూడు బుడ్డ స్విచ్చుల బదులు ఒక్క లివర్ స్విచ్చి: అనంతపురంలో ఒక గిటార్ వైరింగ్ కేసు

ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) ఆకారంలో ఉంది. తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు. బ్రిడ్జి దగ్గర హంబకర్ (హమ్‌ను కొట్టేసే రెండు కాయిల్స్ పికప్), మధ్యలో సింగిల్ కాయిల్, నెక్ దగ్గర ఇంకో హంబకర్. వాయించే అబ్బాయిది అనంతపురం. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాతో ధర్మవరం, గుత్తి, తాడిపత్రి, కదిరి వైపు వాయిస్తాడు. అంతకుముందు ఎవరో ఫ్యాక్టరీ వైరింగ్ తీసేసి, ఐదు పొజిషన్ల లివర్ స్విచ్చికి తోడు పిక్‌గార్డ్ మీద మూడు బుడ్డ టాగుల్ స్విచ్చులు బిగించారు. రెండు స్విచ్చులు రెండు హంబకర్లనూ సింగిల్ కాయిల్‌గా మార్చడానికి, మూడోది మధ్య పికప్ ఫేజ్ తిప్పడానికి (సిగ్నల్‌ను తలకిందులు చేయడానికి).

బాగుచేయమని మా దగ్గరికి తెచ్చినప్పుడు అతను చెప్పింది ఇది: "అన్నా, పాట మధ్యలో చెయ్యి తగిలితే సౌండ్ సన్నగా అయిపోతాంది. ఏ స్విచ్చి తగిలిందో వెతుక్కునేలోపల చరణం అయిపోతాంది." దీనికి తోడు కొన్ని పొజిషన్లలో గుయ్‌మనే హమ్, హంబకర్ మోత మందంగా ఉండటం, వాల్యూమ్ కాస్త తగ్గిస్తే పదును పోవడం, తీగల మీద చెయ్యి పెట్టినా తీసినా హమ్‌లో తేడా లేకపోవడం. అతని కోరిక మాత్రం వేరుగా ఉంది. ఇంకో స్విచ్చి వేసి రెండు హంబకర్లూ కలిపి మోగేలా చేయమన్నాడు.

ఐదు పొజిషన్లు, రెండేసి స్థితులున్న మూడు టాగుల్స్. మొత్తం 40 కలయికలు. వాటిలో సగానికి పైగా ఒకే మోత ఇచ్చేవి. వేదిక మీద అతను నిజంగా వాడేవి ఏవని అడిగి కాగితం మీద రాస్తే ఆరు తేలాయి. మిగిలినవన్నీ పొరపాటు జరగడానికి ఉన్న అవకాశాలు మాత్రమే. అందుకే ఇంకో స్విచ్చి కలపకుండా, ఉన్న మూడూ తీసేసి, అతని ఆరు మోతలూ ఒక లివర్, ఒక పుష్‌పుల్ పాట్‌తో (పైకి లాగితే స్విచ్చిగానూ పనిచేసే గుబ్బ) వచ్చేలా చేయాలని నిర్ణయించాం.

విప్పి చూస్తే

వాల్యూమ్, టోన్ పాట్‌లు (తిప్పే రెసిస్టర్లు) రెండూ బి250కె. కె అంటే కిలోఓం, బి అంటే లీనియర్, తిప్పిన మేరకు నిరోధం సమానంగా మారేది. వాల్యూమ్ పాట్ కొలిస్తే 212కె వచ్చింది. పాట్‌లకు 20 శాతం అటూఇటూ తేడా మామూలే కాబట్టి అది లోపం కాదు. అయితే రెండు హంబకర్లున్న గిటార్‌కు 250కె తక్కువ, పైపదునంతా గ్రౌండ్‌లోకి జారిపోతుంది. పైగా లీనియర్ పాట్‌ను వాల్యూమ్‌కు పెడితే తిప్పినంతసేపూ చెవికి మార్పు పెద్దగా తెలియదు, చివర్లో ఒక్కసారిగా మోత పడిపోతుంది. టోన్‌కు 104 అని రాసిన సిరామిక్ కెపాసిటర్ బిళ్ల ఉంది. అంటే 0.1 మైక్రోఫారడ్. అంత విలువ పెడితే టోన్ తగ్గించగానే మోతంతా దుప్పటి కప్పినట్టవుతుంది.

బ్రిడ్జి గ్రౌండ్ వైరు వెనక స్ప్రింగుల పట్టీ దగ్గర తెగి ఉంది. తీగలు ముట్టుకున్నా హమ్ మారకపోవడానికి కారణం అదే. సవ్యంగా ఉన్న గిటార్‌లో తీగల మీద చెయ్యి పెడితే హమ్ తగ్గాలి. పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయని అనుమానించాలి.

వాడిన వైరు 23/36, అంటే 23 సన్నటి పోగులున్నది. ఈ పనికి అది లావు. లావు వైరును చిన్న కాలికి (స్విచ్చి మీద వైరు అతికించే కొసకు) అతికించాలంటే ఎక్కువసేపు వేడి పెట్టాలి. ఆ వేడికి పీవీసీ తొడుగు అర అంగుళం మేర కరిగి వెనక్కి పోయింది. స్విచ్చి దగ్గర రెండుచోట్ల రాగి బయటపడి ఒకదాన్నొకటి ఆనుకుంటోంది.

హమ్‌కు అసలు కారణం పికప్‌ల ధ్రువాల్లో దొరికింది. దాని సంగతి కింద విడిగా చెప్పాలి, ఎందుకంటే స్విచ్చి ఎంపిక దాని మీదే ఆధారపడింది.

స్విచ్చి కొనేముందు పట్టిక

స్విచ్చి చేతికొచ్చాక దాంతో ఏం చేయగలమా అని ఆలోచించడం తలకిందుల పని. ముందు ఏ పొజిషన్‌లో ఏది మోగాలో రాయాలి. తర్వాత పొజిషన్ మారినప్పుడు మారాల్సిన కనెక్షన్లు ఎన్నో లెక్కపెట్టాలి. ఆ లెక్కే స్విచ్చికి ఎన్ని పోల్స్, అంటే ఒకే లివర్‌తో కదిలే విడి స్విచ్చులు, కావాలో చెబుతుంది.

ఈ గిటార్‌కు రాసుకున్నది:

1. బ్రిడ్జి హంబకర్ పూర్తిగా
2. బ్రిడ్జిలో ఒక కాయిల్, మధ్య పికప్
3. బ్రిడ్జిలో ఒక కాయిల్, నెక్‌లో ఒక కాయిల్
4. మధ్య పికప్, నెక్‌లో ఒక కాయిల్
5. నెక్ హంబకర్ పూర్తిగా

ఆరోది, రెండు హంబకర్లూ పూర్తిగా కలిసి మోగడం. అది టోన్ పాట్ పైకి లాగినప్పుడు 1వ పొజిషన్‌లో రావాలి.

మామూలు ఐదు పొజిషన్ల స్విచ్చి లోపల చూస్తే అది మూడు పొజిషన్ల స్విచ్చే. రెండు పోల్స్, ఒక్కోదానికి ఒక ఉమ్మడి కాలు, మూడు కాళ్లు, మొత్తం 8. పక్కపక్క కాళ్ల మధ్య ఆగినప్పుడు రెండింటినీ తాకడం వల్ల 2, 4 పొజిషన్లు వస్తాయి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు మూడే పొజిషన్లు. వాయించేవాళ్లు లివర్‌ను మధ్యలో నిలబెట్టి వాడుకుంటూ ఉంటే, ఫెండర్ 1977లో ఐదు పొజిషన్ల స్విచ్చి పెట్టింది. ఈ నిర్మాణం గుర్తుంటే దాని పరిమితి అర్థమవుతుంది. ఒక్క హంబకర్, రెండు సింగిల్స్ ఉన్న గిటార్‌లో ఇదే స్విచ్చి సరిపోతుంది. రెండో పోల్ ఉమ్మడి కాలిని గ్రౌండ్‌కు, మధ్య కాలిని హంబకర్ కాయిల్స్ కలిసే జంక్షన్‌కు కడితే 2, 3, 4 పొజిషన్లలో హంబకర్ దానంతటదే సింగిల్ అవుతుంది. హంబకర్లు రెండున్నప్పుడు ఆ కిటుకు పనికిరాదు. రెండు జంక్షన్లనూ ఆ ఒక్క కాలికే కడితే ఐదు పొజిషన్లలోనూ అవి ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి, పూర్తి హంబకర్ మోత ఎప్పటికీ రాదు.

రెండు పుష్‌పుల్ పాట్‌లతో హంబకర్లను విడివిడిగా సింగిల్ చేయవచ్చు. కానీ 1 నుంచి 2కి వెళ్లాలంటే లివర్ జరపాలి, పాట్ లాగాలి. వేదిక మీద ఒక చేత్తో రెండు పనులు. మోతలు మార్చాల్సింది తాళం మధ్యలో కాబట్టి అది వద్దనుకున్నాం.

మిగిలింది నాలుగు పోల్స్, ఐదు పొజిషన్ల సూపర్ స్విచ్చి. ఒక్కో పోల్‌కు ఒక ఉమ్మడి కాలు, ఐదు కాళ్లు. మొత్తం 24. ఇందులో ఏ కాలూ పక్కకాలితో కలవదు. ప్రతి పొజిషన్‌లో ఏం జరగాలో మనమే వైరుతో రాసిపెట్టినట్టు ఉంటుంది. పని ఎక్కువే, కానీ ఈ గిటార్‌కు దీన్ని మించింది లేదు.

ధ్రువాల లెక్క

పికప్ మోతకు దాని అయస్కాంతం దిశ, తీగ చుట్టిన దిశ రెండూ లెక్కే. హమ్‌కు మాత్రం చుట్టిన దిశ ఒక్కటే లెక్క. రెండు కాయిల్స్‌లో అయస్కాంతాలు ఎదురెదురుగా, చుట్లు ఎదురెదురుగా ఉంటే మోత కలుస్తుంది, హమ్ కొట్టుకుపోతుంది. హంబకర్ పనిచేసేది ఇలాగే. హంబకర్‌ను సగం చేసి మధ్య పికప్‌తో కలిపినప్పుడూ ఇదే సూత్రం. కాబట్టి ఏ సగం మిగలాలన్నది ముఖ్యం. అంతకుముందు చేసినవారు దీన్ని చూడలేదు.

చిన్న దిక్సూచి తెచ్చి ఒక్కో కాయిల్ పైన పెట్టి చూశాం. సూది ఎర్రకొన ఆకర్షించబడితే పైన ఉన్నది దక్షిణ ధ్రువం. ఫోన్‌లోని దిక్సూచి ఈ పనికి వాడొద్దు, అంత దగ్గరి అయస్కాంతానికి దాని లెక్క తప్పుతుంది. ఈ గిటార్‌లో మధ్య పికప్ పైన ఉత్తర ధ్రువం. టాగుల్ వేసినప్పుడు బ్రిడ్జిలో, నెక్‌లో మిగిలేవి కూడా ఉత్తర ధ్రువం కాయిల్సే. ఉత్తరం, ఉత్తరం కలిసి హమ్ కొట్టుకుపోకుండా అలాగే మిగిలింది.

మధ్య పికప్ ఉత్తరం కాబట్టి 2, 4 పొజిషన్లలో బ్రిడ్జి నుంచి, నెక్ నుంచి దక్షిణం కాయిల్ మిగలాలి. ఇక్కడే చిక్కు. 3వ పొజిషన్‌లో బ్రిడ్జి, నెక్ రెండే మోగుతాయి. రెండూ దక్షిణమే అయితే అక్కడ హమ్ పోదు. అంటే బ్రిడ్జి హంబకర్ 2వ పొజిషన్‌లో దక్షిణం సగాన్ని, 3వ పొజిషన్‌లో ఉత్తరం సగాన్ని ఇవ్వాలి. టాగుల్ స్విచ్చితోనో పుష్‌పుల్‌తోనో ఇది తేలిగ్గా కుదరదు. సూపర్ స్విచ్చిలో మాత్రం ఒక వైరు మార్పుతో వస్తుంది. జంక్షన్‌ను గ్రౌండ్‌కు కలిపితే గ్రౌండ్ వైపు కాయిల్ చచ్చి హాట్ (సిగ్నల్ వెళ్లే వైరు) వైపుది మిగులుతుంది. అదే జంక్షన్‌ను ఆ పికప్ హాట్‌కే కలిపితే హాట్ వైపుది చచ్చి గ్రౌండ్ వైపుది మిగులుతుంది.

నాలుగు వైర్లున్న హంబకర్ రంగుల విషయంలో ఒక హెచ్చరిక. సేమోర్ డంకన్‌లో నలుపు హాట్, తెలుపు ఎరుపు కలిసి జంక్షన్, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలిసి జంక్షన్, ఆకుపచ్చ గ్రౌండ్. ఇందులో ఉన్నవి పేరులేని పికప్పులు, కాబట్టి ఏ రంగునూ నమ్మలేదు. మల్టీమీటర్‌తో ఏ రెండు వైర్లు ఒక కాయిల్‌వో పట్టుకున్నాం. ఒక జతను ఆంప్‌కు కలిపి స్క్రూడ్రైవర్ కొనతో కాయిల్‌ను మెల్లగా తడితే ఏది గట్టిగా టక్కుమంటే ఆ జత ఆ కాయిల్‌ది. తర్వాత ముల్లు మీటర్‌ను అతి చిన్న డీసీ రేంజ్‌లో పెట్టి, ఇనుప స్క్రూడ్రైవర్‌ను కాయిల్‌కు అంటించి చటుక్కున లాగాలి. ముల్లు కుడివైపు ఎగిరితే ఎర్ర ప్రోబ్ ఉన్న వైరు ప్లస్, ఎడమకు ఎగిరితే మైనస్. డిజిటల్ మీటర్‌లో ఈ కదలికను పట్టుకోవడం కష్టం. ఐదు కాయిల్స్‌కూ ఇలా ప్లస్ గుర్తు పెట్టుకుని, ప్లస్‌లన్నీ హాట్ వైపు వచ్చేలా చేస్తే ఫేజ్ తప్పే అవకాశమే ఉండదు. అప్పుడు ఎదురు ధ్రువాలున్న ప్రతి జతలోనూ హమ్ దానంతటదే పోతుంది.

రెండు హంబకర్లలోనూ హాట్ వైపు ఉత్తరం కాయిల్, గ్రౌండ్ వైపు దక్షిణం కాయిల్ వచ్చేలా కలిపాం. ఈ హమ్ కొట్టివేత నూటికి నూరుపాళ్లు ఉండదు. సగం హంబకర్‌లోని చుట్లూ మధ్య పికప్ చుట్లూ సమానం కావు కాబట్టి కొంత మిగులుతుంది. వాయించేవారికి ఈ మాట ముందే చెప్పాలి.

ఐదో పోల్ లేకుండా గడిపిన తీరు

హంబకర్లకు 500కె పాట్‌లు కావాలి. 2, 4 పొజిషన్లలో సింగిల్ కాయిల్ మోతకు అవే 500కె ఎక్కువై, చెవిలో గుచ్చుకునే పదును వస్తుంది. ఆ రెండు పొజిషన్లలో మాత్రమే ఒక రెసిస్టర్ హాట్ నుంచి గ్రౌండ్‌కు పడాలి. కానీ నాలుగు పోల్స్ అయిపోయాయి.

ఆ రెండు పొజిషన్లలో మాత్రమే మోగేది మధ్య పికప్. రెసిస్టర్‌ను స్విచ్చి దాకా తేకుండా శాశ్వతంగా మధ్య పికప్ రెండు కొసలకే కట్టేస్తే సరి. మధ్య పికప్ స్విచ్చిలోకి వచ్చినప్పుడు రెసిస్టర్ వస్తుంది, పోయినప్పుడు పోతుంది. పోల్ ఖర్చు సున్నా.

విలువ ఎంత? 500కె వాల్యూమ్, 500కె టోన్ రెండూ పూర్తిగా తెరిచినప్పుడు పికప్ మీద పడే భారం దాదాపు 250కె. రెండూ 250కె ఉన్న మామూలు స్ట్రాట్‌లో అది 125కె. 470కె పెడితే మన భారం 163కె అవుతుంది, 330కెతో 142కె, 220కెతో 117కె. మూడూ మొసలి క్లిప్పులతో తగిలించి వాయించి చూశాం. 470తో ఇంకా గీసుకుపోతున్నట్టుంది, 220తో ప్రాణం తగ్గింది. 330కె ఉంచాం. 3వ పొజిషన్‌కు ఇది వర్తించదు. అక్కడ ఆ గీటు పదునే కావాలని అతనన్నాడు.

సామాన్లు

సూపర్ స్విచ్చి ఒకటి, ఎ500కె (ఎ అంటే లీనియర్ కాని ఆడియో రకం) మామూలు పాట్ ఒకటి, ఎ500కె పుష్‌పుల్ పాట్ ఒకటి బయటినుంచి తెప్పించాలి. అనంతపురం రేడియో సామాన్ల దుకాణాల్లో ఇవి దొరకవు. మిగతావన్నీ దొరుకుతాయి: 223 అని రాసిన పాలియెస్టర్ కెపాసిటర్ ఒకటి, 681 అని రాసినది ఒకటి, పావు వాట్ రెసిస్టర్లు 330కె, 150కె ఒక్కోటి, 7/36 వైరు మూడు రంగుల్లో రెండేసి మీటర్లు, సింగిల్ కోర్ షీల్డ్ వైరు అర మీటరు, 60/40 టంకం, రోజిన్ ఫ్లక్స్, వేడికి కుంచించే తొడుగు. కెపాసిటర్ మీద 63 వోల్టులున్నా 100 ఉన్నా ఒకటే. ఈ గిటార్ లోపల ఒక వోల్టు దాటడమే అరుదు. నీళ్ల పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం తేవొద్దు, ఆరు నెలల్లో కాళ్లను పచ్చగా తినేస్తుంది.

కొనేముందు మూడు కొలతలు చూడాలి. లివర్ స్విచ్చి రెండు స్క్రూల మధ్య దూరం 41.3 మిల్లీమీటర్లు. ఇది చాలా గిటార్లలో ఒకటే. రెండోది లోతు. సూపర్ స్విచ్చి, పుష్‌పుల్ పాట్ రెండూ మామూలు వాటికంటే లోతైనవి. స్కేలుతో చెక్కలోని గుంత లోతు కొలిచి, సామాను లోతుకు వైర్ల కోసం కనీసం 3 మిల్లీమీటర్లు కలిపి సరిపోతుందో చూడాలి. మూడోది పాట్ మెడ. చిన్న పాట్‌లకు చేసిన రంధ్రంలో 9.5 మిల్లీమీటర్ల మెడ ఉన్న పెద్ద పాట్ దూరదు. పిక్‌గార్డ్ రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితోనో రీమర్‌తోనో కొంచెం కొంచెంగా పెంచాలి. డ్రిల్ పెడితే ప్లాస్టిక్ చిట్లుతుంది.

వైరింగ్ వరుస

సూపర్ స్విచ్చి కాళ్ల అమరిక తయారీదారును బట్టి మారుతుంది. లివర్ ఒకవైపు జరిగితే లోపలి పట్టీ ఇంకోవైపు జరుగుతుంది కాబట్టి 1వ పొజిషన్ కాలు మనమనుకున్న చివర ఉండకపోవచ్చు. మీటర్‌ను బీప్‌లో పెట్టి, ఐదు పొజిషన్లలోనూ 24 కాళ్లూ చూసి బొమ్మ గీసుకున్నాకే ఐరన్ వేడి చేయాలి. పది నిమిషాల పని ఇది. దీన్ని దాటేస్తే రెండు గంటలు పోతాయి.

నాలుగు పోల్స్‌కు క, చ, ట, త అని పేరు పెట్టుకున్నాం.

పోల్ క: ఉమ్మడి కాలు వాల్యూమ్ పాట్‌కు. 1, 2, 3 కాళ్లు కలిపి బ్రిడ్జి హాట్‌కు. 4 మధ్య పికప్ హాట్‌కు. 5 నెక్ హాట్‌కు.

పోల్ చ: ఉమ్మడి కాలు పోల్ క ఉమ్మడి కాలికే. 2 మధ్య పికప్ హాట్‌కు. 3, 4 కలిపి నెక్ హాట్‌కు. 1, 5 ఖాళీ.

పోల్ ట: ఉమ్మడి కాలు బ్రిడ్జి జంక్షన్‌కు. 2 బ్రిడ్జి హాట్‌కు. 3 గ్రౌండ్‌కు. మిగతావి ఖాళీ.

పోల్ త: ఉమ్మడి కాలు నెక్ జంక్షన్‌కు. 3, 4 కలిపి నెక్ హాట్‌కు. మిగతావి ఖాళీ.

24లో 16 కాళ్లు వాడకంలోకి వచ్చాయి. పుష్‌పుల్ పాట్ వెనక ఆరు కాళ్లుంటాయి, అందులో ఒక వరుసలో రెండే వాడాం. మధ్య కాలు నెక్ హాట్‌కు, లాగినప్పుడు కలిసే కాలు వాల్యూమ్ పాట్ హాట్ కాలికి. 1లో ఉండి లాగితే రెండు హంబకర్లూ పూర్తిగా మోగుతాయి.

ఫేజ్ స్విచ్చి తీసేశాం. సన్నబడిన ఆ మోత రికార్డింగులో ఎక్కడైనా పనికొస్తుందేమో గానీ, కీబోర్డు, ప్యాడ్లు, డోలు మధ్య గిటార్ అసలు వినబడకుండా పోతుంది. టాగుల్స్ తీసిన మూడు రంధ్రాలకు కొత్త పిక్‌గార్డే మేలని అతను ఒప్పుకున్నాడు.

వైరింగంతా ముందు అట్టముక్క మీద చేశాం. పిక్‌గార్డ్‌ను అట్ట మీద పెట్టి రంధ్రాలు గీసి కోస్తే, అదే దూరాల్లో సామాన్లు నిలబెట్టి వైరు పొడవులు సరిగ్గా కోసుకోవచ్చు. ముందు స్విచ్చి మీది చిన్న జంపర్లు (కాలికీ కాలికీ కలిపే వైరు ముక్కలు), తర్వాత ఉమ్మడి కాళ్లు, చివర్లో పికప్ వైర్లు. కాళ్లకు 25 వాట్ల ఐరన్ చాలు, ఒక్కో కాలి మీద రెండు మూడు సెకన్లు మించకూడదు. పాట్ వీపుకు 60 వాట్లది కావాలి. గరుకు కాగితంతో రుద్ది, ముందు టంకం పూత వేసి, తర్వాత వైరు పెట్టాలి. చిన్న ఐరన్‌తో పాట్ వీపును నిమిషంపాటు కాల్చితే లోపలి కార్బన్ పట్టీ పాడై, తిప్పినప్పుడు గరగరమంటుంది.

ఫ్లక్స్ ఎక్కువ రాయడం సూపర్ స్విచ్చికి ప్రాణాంతకం. కరిగిన ఫ్లక్స్ కాలి వెంట లోపలికి పాకి, కాంటాక్టు మీద గాజులా గడ్డకడుతుంది. స్విచ్చిని కాళ్లు కిందికి వేలాడేలా పట్టుకుని అతికిస్తే అది లోపలికి దిగదు.

వాల్యూమ్ పాట్ మీద, వచ్చే కాలికీ పోయే కాలికీ మధ్య 150కె రెసిస్టర్, 680 పీకోఫారడ్ కెపాసిటర్ పక్కపక్కనే కట్టాం. వాల్యూమ్ తగ్గించినా పదును నిలబడటానికి ఇది. రెసిస్టర్ లేకుండా కెపాసిటర్ ఒక్కటే పెడితే వాల్యూమ్ సగానికి తెచ్చేసరికి మోత పీలగా మారుతుంది. టోన్‌కు 223. స్విచ్చి నుంచి పాట్‌కు వెళ్లేది జానెడు వైరే కాబట్టి మామూలుది చాలు. పాట్ నుంచి జాక్‌కు వెళ్లేది షీల్డ్ వైరు. బ్రిడ్జి గ్రౌండ్‌కు కొత్త వైరు వేసి, స్ప్రింగుల పట్టీని ఆకురాయితో గీకి అతికించాం.

తెరిస్తే మోత, మూస్తే మూగ

అట్ట మీద 4, 5 పొజిషన్లు మోగాయి. గిటార్‌లో పెట్టి స్క్రూలు బిగించాక అవి మూగబోయాయి. విప్పితే మోగుతున్నాయి. ఇలాంటి లోపానికి వైరింగ్ బొమ్మలో వెతకడం దండగ, మూసినప్పుడు ఏది దేన్ని తాకుతోందో చూడాలి. హమ్ తగ్గడానికి గుంత గోడలకు రాగిరేకు టేపు అంటించి గ్రౌండ్ చేశాం. సూపర్ స్విచ్చి వెడల్పు ఎక్కువ. దాని చివరి కాలు, పోల్ క లోని 5వది, ఆ రేకును తాకి నెక్ హాట్‌ను గ్రౌండ్ చేస్తోంది. ఆ గోడకు రెండు పొరలు ఇన్సులేషన్ టేపు వేసి, కాళ్లను కాస్త లోపలికి వంచాం. టేపు ఒక్కదాన్నే నమ్ముకోలేదు, మన ఎండలకు దాని జిగురు కారి జారుతుంది. వేడికి కుంచించే తొడుగు కూడా ఆ కాలికి వేశాం.

రెండో లోపం 3వ పొజిషన్‌లో. అక్కడ మోతే లేదు. పోల్ ట లో 2, 3 కాళ్ల మధ్య అలవాటు కొద్దీ జంపర్ పడింది. పక్కపక్క కాళ్లను కలపడం చేతికి అలవాటైపోతుంది, కానీ ఆ పోల్‌లో ఆ రెండూ వేర్వేరు చోట్లకు వెళ్లాలి. దానివల్ల బ్రిడ్జి హాట్ నేరుగా గ్రౌండ్‌కు పడి ఆ పికప్ అసలు మోగడమే లేదు. దాంతో కలిసిన నెక్ సగమూ మూగబోయింది. మీటర్ పెట్టగానే దొరికింది.  ఇదే జంపర్ 1, 2 పొజిషన్లలో బ్రిడ్జిని ఎందుకు చంపలేదన్న అనుమానమూ రావాలి. నిజానికి చంపింది. అప్పటికి మేం బిగించి విన్నది 5, 3, 4 మాత్రమే.

జాక్ దగ్గర కొలతలు

జాక్‌లో కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, మీటర్‌ను 20కె రేంజ్‌లో ఉంచి కొలిచినవి ఇవి. బ్రిడ్జి విడిగా 8.2కె, నెక్ 7.6కె, మధ్యది 6.1కె, వాల్యూమ్ పాట్ 487కె.

1వ పొజిషన్ 8.06కె. 2వది 2.42కె. 3వది 1.96కె. 4వది 2.31కె. 5వది 7.48కె. 1లో ఉండి పాట్ లాగితే 3.91కె.

ఈ అంకెలను ముందే లెక్కగట్టి రాసుకుని, తర్వాత కొలిచి పోల్చాలి. 3వ పొజిషన్‌లో జంపర్ తప్పు ఉన్నప్పుడు మీటర్ దాదాపు సున్నా చూపింది, ఉండాల్సింది 1.96. అయితే ఏ సగం కాయిల్ మిగిలిందో ఈ కొలత చెప్పదు, రెండు సగాలూ ఇంచుమించు సమానమే కాబట్టి. దానికి స్క్రూడ్రైవర్ కొనతో తట్టి చూడాల్సిందే. 2లో బ్రిడ్జి దక్షిణం కాయిల్, 3లో ఉత్తరం కాయిల్ టక్కుమనాలి.

అనంతపురం ఎండలో ఇంకో సంగతి. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 38 డిగ్రీల గదిలో 8.2కె చూపిన పికప్ 20 డిగ్రీల దగ్గర 7.66కె చూపుతుంది. కంపెనీ కాగితంలో రాసిన అంకె కంటే ఎక్కువ వచ్చిందని పికప్‌ను తప్పుపట్టకూడదు. కొలిచిన రోజు వేడి కూడా పక్కన రాసుకోవాలి.

ఎత్తులు చివర్లో. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి, బ్రిడ్జి పికప్‌కూ తీగకూ మధ్య 2 మిల్లీమీటర్లు, నెక్‌కు 2.5 ఉంచాం. మధ్యదాన్ని కాస్త పైకి తెచ్చాం, 1 నుంచి 2కి మారినప్పుడు మోత మరీ పడిపోకుండా. కొంత పడుతుంది. సగం కాయిల్ పూర్తి హంబకర్‌తో సమానంగా మోగడం వైరింగ్‌తో అయ్యే పని కాదు.

బ్రిడ్జి గ్రౌండ్ సరిచేశాక వచ్చే ప్రమాదం

ఇది విడిగా చెప్పకపోతే తప్పు. బ్రిడ్జి గ్రౌండ్ తెగి ఉన్నంతకాలం తీగలు దేనికీ కలిసి లేవు. ఇప్పుడు తీగలు జాక్ ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిశాయి. షామియానా కింద జనరేటర్ మీద నడిచే వేదికలో ఆంప్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి, అదీ రెండు పిన్నుల ప్లగ్గులతో తీసుకుంటే, చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉన్నప్పుడు షాక్ కొడుతుంది. ఎర్త్ లేని ఎస్ఎంపీఎస్ (స్విచ్చింగ్ పవర్ సప్లై) పరికరాల బాడీ మీద 230లో సగం, 115 వోల్టుల దాకా మీటర్‌లో కనబడవచ్చు. అది తక్కువ కరెంటు లీకేజీనే కావచ్చు, అసలు లైవ్ వైరు బాడీకి తగిలిందీ కావచ్చు. మీటర్ అంకెను చూసి ఏదని తేల్చుకునే చోటు వేదిక కాదు.

అందుకే గిటార్‌తో పాటు అతనికి ఒక అలవాటు చెప్పాం. సౌండ్ చెక్‌కు ముందు మీటర్ ఏసీలో పెట్టి తీగకూ మైకు జాలీకీ మధ్య కొలవాలి. ఒకటి రెండు వోల్టులు మించితే మైకు దగ్గరికి పోకూడదు. ఆంప్, మిక్సర్ రెండూ ఒకే ఎర్త్ ఉన్న మూడు పిన్నుల బోర్డు మీదికి తేవాలి, ఆ బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి. ఆంప్ ఎర్త్ పిన్ విరిచేసి హమ్ తగ్గించుకునే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దాన్ని ఎవరు చెప్పినా చేయకూడదు.

వేసవి అయ్యాక గిటార్ తిరిగి తనిఖీకి వచ్చింది. లివర్ జరిపినప్పుడు 2వ పొజిషన్‌లో చిన్న చిటపట. సూపర్ స్విచ్చి మూతలేని రకం, లోపలికి దుమ్ము పోయింది. కాంటాక్ట్ క్లీనర్ సన్నగా కొట్టి లివర్‌ను ముప్పైసార్లు అటూఇటూ ఆడిస్తే పోయింది. కుట్టుమిషన్ నూనె, కిరోసిన్ వేయొద్దని చెప్పి పంపాం, అవి దుమ్మును ఇంకా పట్టి ఉంచుతాయి. ఆరు కొలతలూ మళ్లీ తీస్తే అన్నీ ముందటి అంకెలకు దగ్గరగానే ఉన్నాయి. డిమ్మర్‌తో నడిచే సీరియల్ సెట్లు దగ్గరున్నప్పుడు 2, 4 పొజిషన్లలో సన్నటి జుమ్మనే శబ్దం ఇంకా వస్తుందని అన్నాడు. అది చుట్లు సమానం కాకపోవడం వల్ల మిగిలేదే. మధ్య పికప్‌ను తక్కువ చుట్లున్నదానితో మారిస్తే ఇంకొంత తగ్గుతుంది. వైరింగ్ బొమ్మ, పోల్స్ పట్టిక, కొలతలు, తేదీ, గది వేడి రాసిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి పిక్‌గార్డ్ కింద ఉంచాం.